అమ్మమ్మ చదివిన పాదంలో ఒక అక్షరం

మనవరాలు: పోతన భాగవతంలో, గజేంద్రమోక్షం ఘట్టంలోని "లావొక్కింతయు" పద్యం ఈ ఫోరంలో అందరికీ నోటికొచ్చిందే. నా సందేహం మూడో పాదం మీద. మా అమ్మమ్మ "నీవే తప్ప నితరం బెరుగ" అనేది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రంతా మంచం పక్కన కూర్చుని ఈ ఒక్క పాదమే గొణుక్కునేది. తన ఒంట్లో బాగాలేనప్పుడు చదవగా ఎప్పుడూ వినలేదు. ఆవిడ పోయి ఏడాదైంది. ఫొటో కింద ఈ పాదం రాయిద్దామని పుస్తకం తీస్తే "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ మన్నింపం దగున్ దీనునిన్" అని, "నితఃపరం"తో ఉంది. "నితరం" అనే పాఠం ఎక్కడైనా ఉందా?

గణవిభజన: ఉండదండీ. ఇది శార్దూల వృత్తం, పాదానికి 19 అక్షరాలు. "నితరం" అంటే 18కి పడిపోతుంది. రెండో గణం "ప్పనితః", సగణం (రెండు లఘువులు, ఒక గురువు). విసర్గ ఉంది కాబట్టే "తః" గురువైంది. అది తీసేస్తే పాదం కుంటుతుంది.

పాతపెట్టె: అమ్మమ్మల తరం వాళ్లు పద్యాలు చెవితో నేర్చుకున్నారు, విసర్గ చెవికి ఆనదు. దాన్ని వదిలేయండి. అసలు చూడాల్సింది "మన్నింపం దగున్". అందరూ క్షమించమని అర్థం చెప్పేస్తారు. కాలు పట్టుకున్నది మొసలి. ఏనుగేం తప్పు చేసిందని క్షమాపణ? ఇక్కడ మన్నించడమంటే ఆదరించడం. "పాఠకుల మన్నన పొందింది" అంటే పాఠకులు క్షమించారని కాదు కదా. (కొన్ని పుస్తకాల విషయంలో అదే నిజం, అది వేరే సంగతి.)

సీసపద్యం: తప్పు లేకపోవడమేమిటి? భాగవతం అష్టమ స్కంధం ఇంకాస్త ముందుకు చదవండి. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడు. అగస్త్యుడు వస్తే లేచి గౌరవించలేదు, శాపం తగిలింది. కాబట్టి క్షమాపణే.

పాతపెట్టె: నా మాటే మీరూ చెప్పారు. అగస్త్యుణ్ణి మన్నించకపోవడమే ఆ తప్పు!

కాగితప్పడవ: మన్నన, మనవి, మన్నిక, మనవరాలు అన్నీ "మను" (బతుకు) అనే మాట నుంచే పుట్టాయని నా నమ్మకం.

గణవిభజన: మొదటి రెండక్షరాలు కలిస్తే చుట్టరికమైపోదండీ. ఆ లెక్కన అడవిలోని మనుబోతుని కూడా పిలవాలి.

సీసపద్యం: అదలా ఉంచితే, అమ్మమ్మల పద్యం అసలు ఇది కాదు, "సిరికిం జెప్పడు". ఎవరితోనూ చెప్పకుండా, చేతిలో శంఖం చక్రం ఉన్నాయో లేదో చూసుకోకుండా లేచి పరుగెత్తడం. పక్క గదిలో పిల్ల దగ్గితే మా నాయనమ్మ అలాగే లేచేది. చీకట్లో కళ్లజోడు కూడా వెతుక్కునేది కాదు. అది చూసిన వాళ్లకి ఆ పద్యానికి టీక అక్కర్లేదు.

మనవరాలు: మీరు కళ్లజోడు అనగానే నాకు ఆవిడ గొంతే వినిపించింది. పాదం చివర "దీనునిన్" కాదు, "దీనులన్" అనేది. ఇన్నాళ్లూ గమనించనే లేదు.

గణవిభజన: ఒక్క నిమిషం. "గున్ దీను" తగణం, "లన్" గురువు. గణాలు సరిపోయాయి! యతి (మొదటి అక్షరానికి పదమూడో అక్షరంతో కుదరాల్సిన జత) నీ–న్నిం కూడా చెక్కుచెదరలేదు. కానీ పోతన రాసింది "దీనునిన్". ముందున్న "ఎఱుఁగ" ఏకవచనం, మడుగులో చిక్కిన ఏనుగూ ఒక్కటే.

పాతపెట్టె: అడిగేది ఒక్కరే. ఎవరి కోసం అడుగుతున్నారో వాళ్లు పదిమంది ఉండొచ్చుగా.

సీసపద్యం: "అల వైకుంఠపురంబులో" దగ్గర పోతన ఆగిపోతే రాముడొచ్చి పూరించాడని కథ చెప్పుకుంటాం. ఈ అమ్మమ్మ ఎవరి కోసమూ ఆగినట్టు లేదు.

గణవిభజన: కవిత్వం తర్వాత. చిన్నపిల్ల చెవికి "ని" కాస్తా "ల"గా వినపడే అవకాశం లేదా?

మనవరాలు: ఆ అనుమానంతోనే ఇప్పుడు అమ్మకి ఫోన్ చేశాను. "దీనునిన్ అనే అనేది, నువ్వు నిద్రమత్తులో విన్నావు" అంది. పిన్నిని అడిగితే ఖాయంగా "దీనులన్" అంటోంది. చిన్నప్పుడు ఇంట్లో జ్వరాలన్నీ పిన్నికే వచ్చేవట.

గణవిభజన: పిన్నిగారి సాక్ష్యాన్ని కొట్టిపారేయలేను, ఒప్పుకోనూ లేను. ఫొటో కింద ఏది రాయించినా "నితఃపరం"లో విసర్గ మాత్రం వదలకండి.

కాగితప్పడవ: మనుబోతు సంగతి తేల్చలేదు.