షాపు మారితే పాత పాయింట్‌నే దిద్దాలా, తీసేసి కొత్తది పెట్టాలా?

మ్యాప్‌రాత: ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మూడేళ్ల క్రితం నేను గుర్తుపెట్టిన మందుల షాపు మూతపడింది. అదే గదిలో చెప్పుల షాపు వచ్చింది. పాత నోడ్‌లోనే (మ్యాప్‌లో ఆ షాపుని చూపే పాయింట్) పేరూ, షాపు రకమూ మార్చేశాను. అలా కాదు, డిలీట్ చేసి కొత్తది పెట్టాలని ఒకరు నా చేంజ్‌సెట్ (ఒక విడతలో చేసిన ఎడిట్లు) కింద రాశారు. ఏది సరైనది?

బాటసారి: మీరు చేసిందే సరైనదంటాను. నోడ్ వెర్షన్ 1తో మొదలై, ఎడిట్ చేసినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. ఆ గదిలో ఇంతకుముందు ఏముండేదో హిస్టరీ తెరిస్తే కనిపిస్తుంది. డిలీట్ చేసినా పాత రికార్డు పోదు, కానీ నోడ్ నంబర్ తెలియనివాళ్లకు అది దొరకడం కష్టం.

కొలబద్ద: నేను ఒప్పుకోనండి. గది ఒకటే అయినంత మాత్రాన షాపు ఒకటే అవుతుందా? పైగా పేరు మార్చేవాళ్లు మిగతా ట్యాగ్‌లు (ఫోన్, పనివేళల్లాంటి వివరాలు) చూడరు. ఒకసారి నేనే ఒక క్లినిక్ పేరు మార్చి, ఫోన్ నంబర్ అలాగే వదిలేశాను. ఖాళీ చేసి వెళ్లిపోయిన డాక్టరుగారికి నెల రోజులు ఫోన్లు వెళ్లాయి. ఒంట్లో బాగాలేని మనిషి తప్పు నంబర్‌కి ఫోన్ చేస్తున్నాడంటే అది చిన్న విషయం కాదు. కొత్త నోడ్‌లో పాత నంబర్ మిగిలే అవకాశమే లేదు.

బాటసారి: మీ బాధ అర్థమైంది. అయితే ఆ తప్పు ట్యాగ్‌లు తుడవకపోవడంలో ఉంది, నోడ్ ఉంచడంలో కాదు. ఫోన్, వెబ్‌సైట్, పనివేళలు, వికీడేటా (వికీపీడియాకి తోడుగా ఉన్న సమాచార నిధి) లింకు అన్నీ తీసేసి, తర్వాతే కొత్తవి రాయాలి.

నాలుగుదారులు: ఇద్దరూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించే మాట్లాడుతున్నారు. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం పాత పిన్ పేరు మార్చవద్దు. అక్కడ రివ్యూలూ ఫొటోలూ పిన్‌తోనే ఉంటాయి. మందుల షాపుకి జనం ఇచ్చిన స్టార్లు చెప్పుల షాపుకి పోతే ఇద్దరికీ అన్యాయమే. పాతదాన్ని శాశ్వతంగా మూసివేసినట్టు గుర్తించి, కొత్తది విడిగా చేర్చాలి. అదే యజమాని బోర్డు మాత్రమే మార్చినా, పక్క వీధికి మారినా అప్పుడు ఎడిట్ చేయాలి, ఆ రివ్యూలు వాళ్ల కష్టార్జితం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రివ్యూలే లేవు కాబట్టి ఈ చిక్కు రాదు.

ఇంకొకటి. మందుల షాపు పేరుని చెప్పుల షాపుకి ‘పాత పేరు’ ట్యాగ్‌గా రాయకండి. అది ఒకే షాపు పేరు మార్చుకున్నప్పటికి. గది ఖాళీగా ఉంటే డిలీట్ చేయకుండా ‘వాడుకలో లేదు’ అన్న ట్యాగ్ పెట్టండి. లేకపోతే పాత ఫొటో చూసి ఎవరో మళ్లీ అదే షాపు ఎక్కిస్తారు.

మ్యాప్‌రాత: ఇప్పుడే చూశాను. మందుల షాపు ఫోన్ నంబరూ, 24 గంటలూ తెరిచి ఉంటుందన్న ట్యాగూ అలాగే ఉన్నాయి! రెండూ తీసేశాను. నోడ్ అలాగే ఉంచుతున్నాను.

కొలబద్ద: షాపుల వరకు సరే, వాదించను. వికీడేటా లింకు ఉన్న ఆసుపత్రికో బడికో మాత్రం నేను కొత్త నోడే పెడతాను.