అన్నీ అమరినా మనసుకు నెమ్మది ఎందుకు లేదు?

ప్రశ్న (అనంతపురం):
మా నాయన వేరుశనగ వేసి, వాన రాని ఏడు అప్పుతో నెట్టుకొచ్చినా, సాయంత్రం రచ్చకట్ట మీద కూర్చుని నవ్వగలిగేవారు. నాకు నెలజీతం, సొంత ఇల్లు, కారు ఉన్నాయి; అయినా ఆదివారం పొద్దుగూకితే ఏదో దిగులు. ఇది నా ఒక్కడి లోపమా?

జవాబు (కర్నూలు):
కాదన్నా. అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ 1974లోనే ఈ చిక్కును ఎత్తిచూపారు. ఒకే దేశంలో, ఒకే కాలంలో చూస్తే పేదలకన్నా ధనికులే తాము సంతోషంగా ఉన్నామని ఎక్కువగా చెబుతారు గాని, ఏళ్లు గడిచి దేశం మొత్తం ఆదాయం పెరిగినా జనం సంతోషం ఆ మేరకు పెరగదని ఆయన వాదన. తర్వాతి పరిశోధకులు కొందరు దీన్ని ఒప్పుకోలేదు. అయితే మనిషి కొత్త సౌకర్యానికి త్వరగా అలవాటుపడి, పక్కవాడితో పోల్చుకోవడం మొదలుపెడతాడన్నది నాకు నిజమే అనిపిస్తుంది. మీ నాయనగారికి ఊళ్లోని పది ఇళ్లే కొలమానం. మనకు ఫోను తెరిస్తే బెంగళూరులోనూ డాలస్‌లోనూ ఉన్న సహపాఠీల గృహప్రవేశాలన్నీ కనబడతాయి.

జవాబు (కడప):
పాతకాలాన్ని ఇంతగా మెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ రచ్చకట్ట మీద మా అవ్వ ఏనాడూ కూర్చోలేదు. ఆడవాళ్లకు అక్కడ చోటే లేదు. ఆమె దిగులును అడిగినవారెవరు?

జవాబు (కర్నూలు):
అక్కా, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా 1938లో హార్వర్డ్‌లో మొదలై దశాబ్దాలపాటు సాగిన అధ్యయనంలోనూ, ముసలితనంలో ఆరోగ్యానికీ సంతోషానికీ డబ్బుకన్నా దగ్గరి అనుబంధాలే ఎక్కువ తోడ్పడినట్టు తేలింది.

ప్రశ్న అడిగినవారు:
అక్క మాటతో మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమెను నేనూ ఎన్నడూ అడగలేదు.