గడి గుర్రాల గురించి ఊరి చరిత్రలో ఏం రాయాలి?

ప్రశ్న (సూర్యాపేట నుంచి)
మా ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నాం. నిజాం కాలంలో నాలుగిళ్లల్లో స్వారీ గుర్రాలుండేవి. ఆ కుటుంబాల గురించి ‘ఊరికి వన్నె తెచ్చిన రౌతులు’ అని ఒక అధ్యాయం పెడదామని కొందరు, అసలే వద్దని కొందరు. మీరేమంటారు?

నల్లగొండ టీచరమ్మ
అధ్యాయం పెట్టండి, ఆ పేరు మాత్రం వద్దు. మా తాత గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, గుర్రాల కాడ కూలి లేకుండా వెట్టి చేశాడు. చీకటితోనే గడ్డి కోసుకురావాలి, ఒళ్లు రుద్దాలి, జీను కట్టాలి. దొర ఊరు దాటితే గుర్రం ముందు ఉరకాలి. ఉడికిన ఉలవలు గుర్రానికి. ఆ నీళ్లు చెంబులో పోసుకుని ఇంటికి తెచ్చేవాడు. నాయనమ్మ అందులో చింతపండు, ఉప్పు, ఎండుమిర్చి వేసి చారు కాచేది. ఐదుగురు పిల్లలు దానితోనే జొన్న గటక తినేవాళ్లు. తాత ఎడమ భుజం మీద గుర్రం కరిచిన మచ్చ ఉండేది, రూపాయి బిళ్లంత. చిన్నప్పుడు నేను దాన్ని తడిమి చూసేదాన్ని. ‘దాని తప్పు కాదు బిడ్డా, ఆకలైంది’ అనేవాడు.

1946 జులై 4న కడవెండిలో, దొరల మీద తిరగబడ్డ సంఘం (ఆంధ్ర మహాసభ) కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విస్నూరు దొర, ఆ దేశ్‌ముఖ్ మనుషులు. అప్పుడు ఆ ఊరు మన నల్లగొండ జిల్లాలోదే. అలాంటి కాలాన్ని వన్నె అని ఎట్లా రాస్తారు?

కల్వకుర్తి నుంచి
అక్కా, మీ మాట కాదనను. కానీ గుర్రమున్న ప్రతివాడూ దొర కాదు. మా తాత ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ, ఆయనది చిన్న టట్టు. 1932లో నిజాం సర్కారు బస్సులు మొదలుపెట్టినప్పుడు రాజ్యమంతటికీ 27 బస్సులే. మా ఊరికి ఎప్పుడొస్తాయి? లెక్కలు పట్టుకుని తాలూకా కచేరీకి పోవాలన్నా, జ్వరమొస్తే హకీంను పిలవాలన్నా ఆ టట్టే దిక్కు. కొనేముందు మెడ మీద, నుదుట సుడులు ఎటు తిరిగాయో చూసేవాళ్లట. ఇదంతా రాయకపోతే అప్పటి బతుకు సగమే తెలుస్తుంది.

నల్లగొండ టీచరమ్మ
తమ్ముడూ, మీ టట్టుకు గడ్డి ఎవరు కోసుకొచ్చారు?

కల్వకుర్తి నుంచి
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. రోజుకో ఇంటి వంతు, ఒక మోపు అంది. పైసలిచ్చేవాళ్లా అంటే మాట్లాడలేదు. రెండోసారి అడిగితే ‘లేదు’ అంది. ఆ మోపు సంగతి కూడా రాయాలి. మా తాత పేరు పక్కనే రాసినా సరే.

ప్రశ్న వేసినవారు
‘రౌతులు’ అన్న పేరు తీసేస్తున్నాను. ఆ నాలుగిళ్ల వాళ్లతో మాట్లాడాను గానీ, గడ్డి మోసినవాళ్ల ఇళ్లకు ఇంకా పోలేదు. ఈ ఆదివారం పోతాను. అక్కా, మీ తాత చూసుకున్న గుర్రానికి పేరేమన్నా ఉండేదా?

నల్లగొండ టీచరమ్మ
పంచకళ్యాణి. నాలుగు కాళ్లూ తెలుపు, ముఖం మీద తెల్ల చార. సంఘం గట్టిపడ్డాక దొర గుర్రాన్ని వదిలేసి పట్నం పోయాడు. తాత దాన్ని మా గుడిసె ముందు వేపచెట్టుకు కట్టేశాడు. ఉలవలు కొనే తాహతు లేదు. చెరువు గట్టున మేపుకొచ్చేవాడు. ఒక్కసారి కూడా ఎక్కలేదట.