అప్‌డేట్: లెడ్ జెప్పెలిన్ 1977 క్యాసెట్‌లో మూసుకుపోయిన సౌండ్, సెట్ అయింది

పోయిన నెల అడిగాను కదా: 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ఫోరం అనే హాల్లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ కచేరీని మైక్ మిలార్డ్ అనే అభిమాని ప్రేక్షకుల మధ్య నుంచి రికార్డు చేసిన టేపు. దాని నుంచి ఎన్నో చేతులు మారి వచ్చిన కాపీ ఒకటి మా బాబాయ్ అమెరికా నుంచి తెచ్చారు. దుప్పటి కప్పుకుని వింటున్నట్టుంది, పైగా శ్రుతి కాస్త ఎక్కువైందని రాశాను.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. రిపేరు చేసే ఆయన క్యాసెట్ విప్పగానే విషయం తేలింది. టేపును హెడ్‌కి (ప్లేయర్‌లో టేపును చదివే భాగం) అదిమి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడిపోయి, మూలన దొర్లుతోంది. టేపును స్క్రూలున్న వేరే డబ్బాలోకి మార్చారు. తర్వాత హెడ్ వాలును సరిచేసే పక్క స్క్రూని, మీలో ఒకరు చెప్పినట్టే, పావు చుట్టు కంటే తక్కువ తిప్పగానే సింబల్స్ మెరుపు వచ్చేసింది!

శ్రుతి సంగతి వేరు. కాపీ చేసిన డెక్ (క్యాసెట్ రికార్డర్) నెమ్మదిగా తిరిగి ఉంటుందన్న మాటే నిజమనిపిస్తోంది; అలా రికార్డైన టేపును మామూలు వేగంతో వింటే శ్రుతి పెరుగుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక వేగం 3 శాతం తగ్గిస్తే సరిపోయింది. అంటే దాదాపు అర సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య తేడాలో సగం).

డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) ఆన్, ఆఫ్ గొడవకీ దీనికీ సంబంధమే లేదు. దానిమీద రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.