బీటు ఆపేసిన డీజే చేసింది మోసమా?

బరంపురం అప్పడం:
ఈ పంచాయితీ మీరే తేల్చాలి. మా వీధిలో ఒక డీజే ఉన్నాడు, పేరు వద్దు. డప్పు దరువుని లూపు చేసి, కింద కిక్ (దభ్ దభ్‌మనే పెద్ద డ్రమ్ము దెబ్బ) వేసి, నిమిషానికి 130 బీట్ల టెక్నో, అంటే మెషీన్లతో చేసే డాన్స్ సంగీతం వాయిస్తాడు. ఆయన బండి వెనకాల ఎగరని కుర్రాడు మా పేటలో లేడు. ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి కదా, తలకి రెండొందలు చందా వేసుకుని పెట్టించాం. రాత్రి పదకొండుకి, అందరం మంచి ఊపు మీదుండగా కిక్ తీసేశాడు. సరే, మళ్లీ దభీమని వేస్తాడులే అని చేతులెత్తి నిలబడ్డాం. వేయలేదు. సన్నాయి ఒక్కటే, సాగదీసి సాగదీసి, ఒక్కో స్వరం అర నిమిషం. నలభై నిమిషాలు అదే! వెనకనుంచి ఎవడో ఒడియాలో "కరెంట్ గలా కి?" అని అరిచాడు, కరెంట్ పోయిందా అని. తర్వాత అడిగితే, "టెక్నో వదిలేశాను, ఇకమీదట ఇదే నా దారి" అన్నాడు. ఇది మోసం కాదా?

పర్లాకిమిడి పాతరేడియో:
మోసమంటే పెద్ద మాట బాబూ. టెక్నో పుట్టిందే దారి మారినవాళ్ల వల్ల. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ అనే బ్యాండు వాళ్లు 1970లో మొదలైనప్పుడు వేణువు వినిపించేది, ప్రయోగ సంగీతం వాళ్లది. 1974లో 'ఆటోబాన్' రికార్డుతో సింథసైజర్ల వైపు తిరిగారు. అంతకుముందు చేసిన మూడు రికార్డుల్ని తమవి కానట్టే వదిలేశారు. అమెరికాలో, డెట్రాయిట్‌లో, టెక్నోకి పునాది వేసిన హువాన్ ఆట్కిన్స్ లాంటి కుర్రాళ్లు విని మోజుపడింది ఆ కొత్త దారి క్రాఫ్ట్‌వెర్క్‌నే. వాళ్లు వేణువే పట్టుకు కూర్చుంటే మీ డీజేకి ఈ 130 బీట్లు ఎక్కడివి?

బరంపురం అప్పడం:
జర్మనీ వాళ్లు నా రెండొందలు తీసుకోలేదుగా మాస్టారూ.

రాయగడ ప్యాసింజర్:
టెంట్ హౌస్‌లో సౌండు చూసేవాణ్ణి, నా ఓటు అప్పడానికే. అమెరికాలో డాన్స్ సంగీతం చేసే మోబీ సంగతి తెలుసుగా? 1991లో 'గో' పాటతో క్లబ్బుల్లో పేరు తెచ్చుకుని, 1996లో 'యానిమల్ రైట్స్' అని గిటార్లు మోగే పంక్ రికార్డు చేశాడు. డాన్స్ జనం మొహం తిప్పేసుకున్నారు. దెబ్బ ఆయనే తిన్నాడు, ఎవరి చందా డబ్బూ పోలేదు. 1999లో పాత బ్లూస్ గొంతులు కలిపి 'ప్లే' చేస్తే కోటి దాకా అమ్ముడైంది. మా పెళ్లిళ్లలో అలా కాదు. ఊరేగింపు మధ్యలో బీటు ఆగితే డబ్బులు కోసేది నాకు.

అన్నట్టు వాయించే పెట్టెలు కూడా దారి మారతాయి. జపాన్ కంపెనీ రోలాండ్ వాళ్లు టీబీ-303 అనే పెట్టెని తెచ్చింది బేస్ గిటార్ వాయించే మనిషి లేనప్పుడు పక్కవాద్యంగా పనికొస్తుందని. ఆ పనికి అది పనికిరాలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్లు నాబ్‌లు తిప్పి తిప్పి 'ఆసిడ్' అని పేరుపడ్డ ఆ టెక్నో కీచు పుట్టించారు.

నేత వీధి మనవరాలు:
ఆ పెట్టె మాటొచ్చింది కాబట్టి చరణ్‌జిత్ సింగ్‌ని మరిచిపోకండి. బొంబాయి సినిమా పాటలకు వాయించేవాడు. 1982లోనే అదే 303తో, 808 డ్రమ్ము పెట్టెతో పది రాగాలు రికార్డు చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ బయటికొచ్చాక విదేశాల వాళ్లు పిలిచి వాయించమన్నారు. వెంటనే జనం రాలేదని అది తప్పు దారి అయిపోతుందా?

అయినా ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. ఆ సన్నాయి ముక్క మన డీజే నాకు ముందే ఫోన్‌లో పంపాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మగ్గం మీద విన్నాను, పోగు తెగినా చూసుకోలేదు. స్వరం దిగేచోట వాయించేవాడు ఊపిరి పీల్చడం వినిపిస్తుంది, నాకు నచ్చిందే అది. జాతరలో ఎనిమిది బాక్సుల్లో పెట్టినా ఆ ఊపిరిని జనరేటర్ మింగేసింది. డెట్రాయిట్ టెక్నో డీజే జెఫ్ మిల్స్ 2005లో ఫ్రాన్స్‌లో, రోమన్లు కట్టిన కాలువ వంతెన దగ్గర, మాంపెలియే ఆర్కెస్ట్రాతో కలిసి తన టెక్నోనే వాయించాడు. వచ్చినవాళ్లకి ఏం వినబోతున్నారో తెలుసు. మనవాడు ఒక్క ముక్క చెప్పలేదు. రూటు మార్చుకోనీ, కానీ మమ్మల్ని బండెక్కించుకున్నాక చెప్పకుండా మారుస్తాడా?

పర్లాకిమిడి పాతరేడియో:
చెప్పుంటే మీ కమిటీ పిలిచేదా? నిజం చెప్పండి.

బరంపురం అప్పడం:
పిలిచేవాళ్లం కాదు. నిన్న ఆయనతో కూర్చున్నాం. వినాయక చవితికి పదకొండు దాకా డప్పూ కిక్కూ, తర్వాత గంట ఆయనిష్టం. పన్నెండుకి ఎలాగూ పోలీసులు ఆపిస్తారు. కాకపోతే సన్నాయి వినపడాలంటే జనరేటర్ సందు చివర పెట్టాలట, ఇంకో యాభై మీటర్ల కేబుల్ కావాలి. దాని అద్దె కమిటీదా, ఆయనదా? అక్కడ తెగలేదు.

రాయగడ ప్యాసింజర్:
కేబుల్ నా దగ్గరుంది, పట్టుకెళ్లండి. మూడు చోట్ల అతుకులున్నాయి, వాన పడితే మాత్రం ముట్టుకోకండి.