హైదరాబాద్ స్పిట్‌ఫైర్‌ మోడల్‌కి మురికి ఎంత పట్టించాలి?

రెక్క_72:
బ్రిటిష్ వైమానిక దళపు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ను 1/72లో (అసలులో 72వ వంతు సైజులో) కడుతున్నాను. చిహ్నంలోనే నిజాం తలపాగా ఉన్న స్క్వాడ్రన్ కదా, ఎప్పటి నుంచో కోరిక. 1940లో ఇంగ్లండ్ దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన మార్క్ 1 (మొదటి రకం) ఇది. డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అంటించేశాను, వెదరింగ్ (వాడిన విమానంలా మురికి, అరుగుదల చూపించడం) దగ్గర ఆగాను. ఈమధ్య ఏ మోడల్ చూసినా ప్యానెల్ గీతలన్నీ (రేకుల అతుకులు) నల్లగా, అంచులన్నీ రంగు ఊడి లోహం కనిపించినట్టు వెండి పెచ్చులతో ఉంటున్నాయి. అది తప్పని నా గట్టి అభిప్రాయం. 0.2 మి.మీ. గీత అసలు విమానం మీద 14 మి.మీ. పైమాటే. రేకుల మధ్య వేలు దూరేంత సందులుంటే ఆ విమానం గంటకు 550 కి.మీ. దాటేదా?

ఎయిర్‌బ్రష్_రాత్రులు:
లెక్క సరే గానీ, కన్ను లెక్క చూడదు అన్నా. అసలు విమానం మీద ఎండ పడితే నీడలు వాటంతట అవే వస్తాయి. జానెడు కూడా లేని మోడల్ మీద ట్యూబ్‌లైట్ వెలుగులో అవి రావు, మనమే రంగుతో వేయాలి. వాష్ (గీతల్లోకి పారే పలచని ముదురు రంగు) లేని మోడల్ ఎంత బాగా కట్టినా బొమ్మలా కనిపిస్తుంది. పైగా ఇదే స్క్వాడ్రన్ తర్వాత బర్మాలో మార్క్ 8లు నడిపింది. అక్కడి ఎండకీ వానకీ రంగు వెలిసిపోదా?

డోప్_గుడ్డ:
బర్మా వేరు, వార్మ్‌వెల్ వేరు తమ్ముడూ. వార్మ్‌వెల్ గడ్డి మైదానం. అప్పట్లో చాలా విమానాలు కొన్ని వారాలకే కూలిపోయేవి, రంగు వెలిసేంత ఆయుష్షు ఎక్కడిది? ఎంత మురికి అన్నదాని కంటే ఎక్కడ అన్నది ముఖ్యం. రడ్డర్ (తోక మీది చుక్కాని) మీద వెండి పెచ్చులు వేసిన మోడల్ చూస్తే నాకు బాధేస్తుంది. అది గుడ్డ, కింద లోహపు రేకే లేదు! కాక్‌పిట్ తలుపు ఎడమవైపు ఉంటుంది కాబట్టి బూట్ల అరుగుదల ఎడమ రెక్క మొదట్లో ఎక్కువ చూపించాలి. తుపాకీ రంధ్రాల మీద ఎర్ర గుడ్డముక్కలు అంటించేవారు. అవి చిరిగి, వెనక మసి ఉంటే విమానం పోరాడి వచ్చిందని అర్థం.

రెక్క_72:
ఎడమ రెక్క సంగతి నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు అన్నగారూ. తమ్ముడు చెప్పిన నీడల మాట కూడా కొంత ఒప్పుకుంటున్నాను. నలుపు బదులు బూడిద కలిసిన గోధుమరంగు వాష్ పలచగా, కదిలే భాగాల చుట్టూ మాత్రమే వేస్తాను. అక్కడ నిజంగానే సందు ఉంటుంది. పొట్ట కింద నూనె చారలు వెనక్కి లాగుతాను. రెక్కల పైభాగం గీతలు మాత్రం ముట్టను. ఎనిమిది తుపాకులకీ గుడ్డముక్కలు చించాలా, కొన్ని వదిలేయాలా?

డోప్_గుడ్డ:
ఎనిమిదీ ఒకే బటన్‌తో పేలేవి. చించితే అన్నీ చించాలి.