"పద్యాలు" అనే మాట హెడర్‌లోంచి పిచ్చి గుర్తులై వస్తోంది, తప్పు ఒత్తుదేనా?

అందరికీ నమస్కారం అండీ. మా సైట్లో పిల్లల కోసం పీడీఎఫ్ పెట్టాం, ఫైల్ పేరు తెలుగులోనే "పద్యాలు". పైథాన్‌తో దించుకుని రెస్పాన్స్ హెడర్‌లోంచి (ఫైల్‌తో పాటు సర్వర్ పంపే వివరాల్లోంచి) పేరు తీస్తే ఫ్రెంచి అక్షరాలూ డిగ్రీ గుర్తులూ వస్తున్నాయి. "ద్యా"లో ఒత్తు ఉంది కదా, అందుకే పాడవుతోంది, ఇంగ్లీషులో పెట్టెయ్ అంటున్నారు మావాళ్లు. నిజమేనా?

---

ఒత్తుకీ దీనికీ సంబంధం లేదండీ, దయచేసి పేరు మార్చకండి. "కమల" అని పెట్టి చూడండి, ఒత్తు లేదు గుణింతం లేదు, అయినా ఇలాగే వస్తుంది.

పలికితే పద్యాలు మూడక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ప, ద, పొల్లు, య, దీర్ఘం, ల, కొమ్ము అని 7, వాటిని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. పైథాన్ సొంత లైబ్రరీ హెడర్లని లాటిన్-1 (పశ్చిమ ఐరోపా భాషల కోసం ఒక్కో గుర్తుకి ఒక్క బైటే వాడే పద్ధతి) అనుకుని చదువుతుంది, అందులో ప్రతి బైటుకీ ఏదో ఒక గుర్తు ఉంది కాబట్టి ఎర్రర్ కూడా రాదు, అదే అసలు చిక్కు. తెలుగుని పోల్చుకోవడం తేలికే, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు "ఏ" పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో ఉంటే అది మనదే (కన్నడమైతే ఆ చోట చిన్న 2 గానీ 3 గానీ ఉంటుంది). మీ మాటలో పొల్లు దగ్గరా కొమ్ము దగ్గరా ప్లస్ మైనస్ వచ్చి ఉంటుంది చూడండి, ఆ రెండిటి మూడో బైటు కంటికి కనపడదు, అందుకే స్క్రీన్ మీంచి కాపీ చేసి సరిచేద్దామంటే కుదరకపోవచ్చు.

ఇప్పటికిప్పుడు కావాలంటే ఆ స్ట్రింగ్‌ని ప్రోగ్రాంలోనే లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి యూటీఎఫ్-8గా డీకోడ్ చెయ్యండి, పద్యాలు వచ్చేస్తాయి. కానీ సరైన మందు సర్వర్ దగ్గరే. ఆర్ఎఫ్‌సీ 6266 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం, ఫైల్ పేరు చెప్పే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో ఫైల్‌నేమ్ పక్కన చుక్క గుర్తు, అదే స్టార్, ఉన్న రెండో రూపం కూడా పంపాలి, అందులో ముందు యూటీఎఫ్-8 అని, తర్వాత రెండు సింగిల్ కోట్లు, తర్వాత శాతం గుర్తులతో బైట్లు. మన మాట 63 అక్షరాలవుతుంది, అవనివ్వండి. ఆ రెండు కోట్ల మధ్య చోటు భాష కోడ్ కోసమేనండీ, అందరూ ఖాళీగా వదిలేస్తారు గానీ తెలుగు కోడ్ "టీఈ" అక్కడ రాయొచ్చు, నాకైతే రాయాలనే ఉంటుంది.

---

మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి, నేను జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ వాడితే ఆ హెడర్ అసలు నల్ అనే వస్తోంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మాత్రం కనిపిస్తోంది?

---

పేజీ ఒక డొమైన్, ఏపీఐ ఇంకో డొమైన్ అయ్యుంటాయండీ. అప్పుడు కంటెంట్-టైప్ లాంటి కొన్నిటినే బ్రౌజర్ మీ కోడ్‌కి చూపిస్తుంది, కంటెంట్-డిస్పొజిషన్ వాటిలో లేదు. సర్వర్ వాళ్లని యాక్సెస్-కంట్రోల్-ఎక్స్‌పోజ్-హెడర్స్‌లో దాని పేరు చేర్చమనండి, మీ కోడ్ మార్చక్కర్లేదు.